అతుకు నిలిచింది, పైపు తెగింది: అల్యూమినియం కట్టడాల్లో వెల్డింగ్ వల్ల పోయే బలం, దాన్ని కాపాడుకునే పద్ధతి

నా బల్ల మీద చాలా ఏళ్లుగా ఒక ముక్క ఉంటుంది. 50 మి.మీ. చదరపు అల్యూమినియం పైపు, 3 మి.మీ. మందం, దాని మీద అడ్డంగా వెల్డ్ చేసిన క్లీటు, అంటే ఇంకో భాగాన్ని బిగించడానికి పెట్టే చిన్న ముక్క. వెల్డు చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఒరగబెట్టినట్టు అలలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఎక్కడా చిల్లు లేదు, పగులు లేదు. పైపు మాత్రం ఆ వెల్డుకు ఒక సెంటీమీటరు అవతల అడ్డంగా చిరిగిపోయి ఉంది.

అది ఒక గోదాములో పైన లైట్లు మార్చడానికి చేసిచ్చిన ప్లాట్‌ఫారంలోది. దాని మీద నిలబడ్డ మనిషికి కాలు విరిగింది. వచ్చినవాళ్లంతా వెల్డర్‌నే తిట్టారు. అతని పనిలో ఏ లోపమూ లేదు. ఆ క్లీటు సరిగ్గా పైపు నడిమధ్యన, బరువు అంతా పడే చోట పెట్టమని డ్రాయింగ్ గీసింది నేను. ఇనుముతో పనిచేసిన అలవాటుతో, "అతుకు పైపు కన్నా గట్టిగా ఉంటుంది, ఇంకేం భయం" అనుకున్నాను. ఇనుములో ఆ మాట నిజమే. అల్యూమినియంలో అతుకు గట్టిగానే ఉండి, దాని పక్కనున్న లోహం మెత్తబడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎవరూ మరో ప్లాట్‌ఫారం కట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా: లోపల ఏం జరుగుతుంది

మనం వాడే 6061, 6063, 6082 లాంటి మిశ్రమాల్లో మెగ్నీషియం, సిలికాన్ కొద్దికొద్దిగా ఉంటాయి. ఫ్యాక్టరీలో ఈ లోహాన్ని దాదాపు 530 డిగ్రీల దాకా కాచి, ఒక్కసారిగా నీళ్లలో చల్లార్చి, ఆ తర్వాత 160 నుంచి 180 డిగ్రీల మధ్య గంటల తరబడి కొలిమిలో ఉంచుతారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసి లోహమంతటా లెక్కలేనన్ని సూక్ష్మ రేణువులుగా ఏర్పడతాయి. లోహం పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆ రేణువులు మేకుల్లా పట్టి ఆపుతాయి. పేరు చివర ఉండే 'టీ6' అన్న గుర్తుకు అర్థం ఈ వంట పూర్తయిందని. ఈ గుణాన్ని మొదట కనిపెట్టింది జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ విల్మ్, 1906లో. చల్లార్చి పక్కన పెట్టిన మిశ్రమం రోజులు గడిచేకొద్దీ దానంతటదే గట్టిపడటం ఆయన గమనించాడు.

ఇక మనం టార్చ్ పెడతాం. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మిశ్రమాలు అంతకు కొంచెం ముందే. కరిగిన చోటు సంగతి సరే, దాని పక్కన 250 నుంచి 400 డిగ్రీల దాకా కాగిన ఒక పట్టీ ఉంటుంది. అక్కడ ఆ సూక్ష్మ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, లావై, దూరం దూరంగా మిగులుతాయి. వంద మేకులు ఉన్నచోట పది మొద్దులు మిగిలినట్టు. పట్టు పోతుంది. వెల్డుకు ఆనుకొని బాగా కాగిన భాగంలోనైతే రేణువులు మళ్లీ లోహంలో కరిగి, తర్వాత రోజుల్లో కొంత బలం తిరిగి వస్తుంది. అందుకే పైపు వెల్డు అంచున కాక, ఒక సెంటీమీటరు అవతల చిరిగింది. అన్నిటికన్నా మెత్తటి చోటు అదే.

ఇన్‌స్పెక్టర్లు ఈ పట్టీని 'హాజ్' అంటారు. నేను వేడి పట్టీ అంటాను.

1. చేతిలో ఉన్నది ఏ మిశ్రమమో తేల్చుకోండి

"అల్యూమినియం సెక్షన్" అని అడిగితే దుకాణంవాడు ఇచ్చేది చాలాసార్లు కిటికీలకు వాడే 6063. బరువు మోసే పనికి కావలసింది 6061 గానీ 6082 గానీ. పాత షాపుల్లో ఇంకా హెచ్‌ఈ 9, హెచ్‌ఈ 20, హెచ్‌ఈ 30 అనే పిలుస్తారు. హెచ్‌ఈ 9 అంటే 6063, హెచ్‌ఈ 20 అంటే 6061, హెచ్‌ఈ 30 అంటే 6082. బిల్లుల మీద వరసగా 63400, 65032, 64430 అన్న అంకెలు కనిపిస్తే అవీ ఇవే.

కళ్లతో చూసి మిశ్రమాన్ని గుర్తుపట్టడం ఎవరికీ సాధ్యం కాదు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్, అంటే లోహం తయారుచేసిన ఫ్యాక్టరీ ఇచ్చే పరీక్ష పత్రం, అడగండి. ఇవ్వలేకపోతే దాన్ని 6063 కిందే లెక్కవేయండి, లేదా కొనకండి. పాత సామాను మార్కెట్లో దొరికే విమానాల, యంత్రాల ముక్కల్లో 2024, 7075 ఉండొచ్చు. అవి ఎంతో బలమైనవి, కానీ మామూలు ఆర్క్ వెల్డింగ్‌కు పనికిరావు. చల్లబడుతుండగానే పగుళ్లిస్తాయి. అలాంటి ముక్క వెల్డ్ చేసిచ్చానని ఎవరైనా చెబితే దాని మీద మనిషిని ఎక్కించకండి.

5083, 5052 లాంటివి వేరే జాతి. వీటికి బలం రేణువుల వల్ల రాదు. లోహంలో కరిగి ఉన్న మెగ్నీషియం వల్ల, రోలింగ్‌లో నలిగి గట్టిపడటం వల్ల వస్తుంది. కాస్తే నలగడం వల్ల వచ్చిన వాటా పోతుంది, మెగ్నీషియం ఇచ్చిన వాటా నిలుస్తుంది. పడవలకు, ట్యాంకులకు 5083 వాడేది ఉప్పునీటిని తట్టుకుంటుందనే కాదు, వెల్డింగ్‌ను కూడా తట్టుకుంటుందని.

2. వెల్డ్ అయిన తర్వాతి బలంతోనే లెక్క వేయండి

కేటలాగులో ఉండేది వెల్డింగ్ ముందు అంకె. డిజైనుకు తీసుకోవలసింది వెల్డింగ్ తర్వాతి అంకె. రెండు మాటలు ముందే చెప్పుకుందాం. టెన్సైల్ అంటే లోహం తెగే ఒత్తిడి. ఈల్డ్ అంటే శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి. కింద ఉన్నవి డిజైన్‌లో వాడే కనీస విలువలు, మెగాపాస్కల్‌లలో.

6061-టీ6: టెన్సైల్ 260 నుంచి 165కు పడుతుంది. ఈల్డ్ 240 నుంచి 105కు.
6063-టీ6: టెన్సైల్ 205 నుంచి 115కు, ఈల్డ్ 170 నుంచి 55కు.
5052-హెచ్32: టెన్సైల్ 215 నుంచి 170కు, ఈల్డ్ 160 నుంచి 65కు.
5083-హెచ్116: టెన్సైల్ 305 నుంచి 275కు.

6063 వరస మరోసారి చూడండి. ఈల్డ్ మూడో వంతుకు పడిపోయింది. కిటికీ సెక్షన్లతో వెల్డ్ చేసిన నిచ్చెన, ఫంక్షన్ స్టేజీ, వాటర్ ట్యాంకు స్టాండు ఎక్కడ కనిపించినా నాకు గుండె జారేది అందుకే.

ఈ మెత్తదనం ఎంత దూరం పాకుతుందో కూడా తెలియాలి. అమెరికా డిజైన్ పద్ధతిలో వెల్డు మధ్య గీత నుంచి అన్ని వైపులా 25 మి.మీ. తీసుకుంటారు. యూరప్ కోడ్ ఇంకొంచెం విడదీసి చెబుతుంది. 6 మి.మీ. లోపు మందానికి మిగ్‌తో, అంటే తీగ దానంతటదే వస్తూ కరిగే వెల్డింగ్‌తో, 20 మి.మీ., టిగ్‌తో, అంటే మనవాళ్లు ఆర్గాన్ వెల్డింగ్ అనే దానితో, 30 మి.మీ. టిగ్ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఎక్కువ వేడి పోస్తుంది. వెల్డు అందంగా వస్తుందని బరువు మోసే పొడుగాటి అతుకులకు కూడా టిగ్ వాడటం నాకు సరి అనిపించదు.

3. అతుకు ఎక్కడ ఉండాలో టార్చ్ ముట్టించక ముందే తేల్చండి

బలం నిలబెట్టేది ప్రధానంగా ఈ మెట్టే, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం. నా బల్ల మీదున్న పైపునే తీసుకుందాం.

50×50×3 పైపు, 6061-టీ6, రెండు చివరలా ఆనించిన 2 మీటర్ల దూలం. బరువు సరిగ్గా మధ్యన. ఈ పైపు సెక్షన్ మాడ్యులస్, అంటే వంగుడును దాని ఆకారం ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత, దాదాపు 8,340 ఘన మిల్లీమీటర్లు. దాన్ని ఈల్డ్‌తో గుణిస్తే మోయగల మొమెంట్, అంటే ఎంత వంచే ప్రభావాన్ని తట్టుకుంటుందో, వస్తుంది. వెల్డు లేని పైపుకు 240తో గుణించగా 2 కిలోన్యూటన్ మీటర్లు. అంటే నడిమధ్యన సుమారు 400 కిలోలు పెట్టేదాకా వంగిపోదు.

ఇప్పుడు నేను చేసిన పని చేద్దాం. నడిమధ్యన పైపు చుట్టూ వెల్డు వేద్దాం. 240 స్థానంలో 105 వచ్చింది. 400 కిలోలు కాస్తా సుమారు 178 కిలోలైంది. 1.65 భద్రతా గుణకంతో భాగిస్తే 108 కిలోలు. ఒక మనిషి, ఒక పనిముట్ల సంచి, ఎక్కేటప్పుడు పడే కుదుపు. అంతే, అయిపోయింది.

అదే వెల్డును మధ్య నుంచి జరిపి, చివర నుంచి అర మీటరు దూరంలో, అంటే పావు వంతు దగ్గర వేస్తే? అక్కడ మొమెంట్ నడిమధ్యన ఉన్నదానిలో సగమే. మెత్తబడ్డ పట్టీ తన 105తోనే, మధ్యన సుమారు 357 కిలోలు పెట్టేదాకా లొంగదు. అదే పైపు, అదే వెల్డరు, అదే రాడ్డు. క్లీటు అర మీటరు జరిగితే బలం రెట్టింపు. రూపాయి ఖర్చు లేదు.

కాబట్టి డ్రాయింగ్ మీద వెల్డులు గుర్తు పెట్టే ముందు దూలం ఎక్కడ ఎక్కువ వంగుతుందో పెన్సిల్‌తో గీయండి. దూలమైతే మధ్య భాగం, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బ్రాకెట్ అయితే గోడ దగ్గరి మొదలు. ఆ చోట్లకు వెల్డును రానివ్వకండి. బ్రాకెట్ మొదట్లో వెల్డు తప్పదంటే అక్కడ మందం పెంచండి. రాకెట్ ఇంధన ట్యాంకులు చేసేవాళ్లు ఇదే చేస్తారు. రేకును అంతటా పల్చగా చెక్కి, వెల్డు వచ్చే అంచుల్లో మాత్రం మందంగా వదిలేస్తారు. శ్రీహరికోట నుంచి ఎగిరే మన రాకెట్ల ట్యాంకుల్లో వాడే 2219 మిశ్రమం కూడా వెల్డింగ్‌తో బలం కోల్పోయేదే. 2 వరస (2తో మొదలయ్యే అంకెల) మిశ్రమాల్లో అది వెల్డింగ్‌కు ఒప్పుకునే రకం కావడం వల్లనే దాన్ని ఎంచుకున్నారు.

వెల్డు దిశ కూడా చూసుకోవాలి. 100 మి.మీ. వెడల్పు పట్టీని లాగుతున్నామనుకోండి. అడ్డంగా వెల్డు వేస్తే వెడల్పంతా మెత్తబడుతుంది, ఈల్డు బలంలో 44 శాతమే మిగులుతుంది. పొడుగునా వేస్తే వెల్డుకు అటు 25, ఇటు 25, మొత్తం 50 మి.మీ. మాత్రమే మెత్తబడి, మొత్తం మీద 72 శాతం దాకా నిలుస్తుంది. కుదిరినచోటల్లా బలం పారే దిశలోనే వెల్డు నడపండి.

లోతైన చానల్, ఐ సెక్షన్లకు ఇంకో సౌకర్యం ఉంది. వెల్డును పై అంచు, కింది అంచుల మీద కాకుండా నడుము మధ్యన వేయవచ్చు. అక్కడ వంగుడు ఒత్తిడి దాదాపు ఉండదు. 150 మి.మీ. లోతుకు ఇది చక్కగా పనిచేస్తుంది. 50 మి.మీ. పైపుకు పనిచేయదు. నడుము నుంచి అటూ ఇటూ 25 మి.మీ. అంటే పైపు మొత్తం అయిపోతుంది.

"భయంగా ఉంది, ఇంకో పొర వేయి" అనే మాట మన షాపుల్లో రోజూ వినిపిస్తుంది. అల్యూమినియంలో ఆ మాట మానేయాలి. వెల్డు లావు చేస్తే వెల్డే లావవుతుంది. చిరిగేది దాని పక్కన. పై పొర పోసిన వేడి ఆ పక్క పట్టీని ఇంకా వెడల్పు చేస్తుంది.

4. ఫిల్లర్ రాడ్డు

అతుకులో కరిగించి పోసే రాడ్డు ఇది. 6061కి రెండు దారులున్నాయి. 4043లో 5 శాతం సిలికాన్ ఉంటుంది. చక్కగా పారుతుంది, పగుళ్లు తక్కువ. 5356లో 5 శాతం మెగ్నీషియం ఉంటుంది. షియర్ బలం, అంటే అడ్డంగా కోసినట్టు జారకుండా నిలిచే బలం, ఎక్కువ. మూల వెల్డుల లెక్కలో 4043కి 79 మెగాపాస్కల్ తీసుకుంటే 5356కి 117 తీసుకోవచ్చు. అంటే అదే బరువుకు 4043తో వెల్డు గొంతు (వెల్డు మందం) ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఆ మేరకు వేడీ ఎక్కువ పడుతుంది. బరువు మోసే మూల వెల్డులకు నేను 5356నే వాడతాను. 4043 వాడితే, మందం 9.5 మి.మీ. దాటినప్పుడు, పైన చెప్పిన 105 కూడా 80కి దిగుతుంది.

ఒక మినహాయింపు. ఇంజిన్ పక్కన, పొగ గొట్టం దగ్గర, ఎప్పుడూ 65 డిగ్రీలు దాటే చోట 5356 వద్దు. మెగ్నీషియం 3 శాతం దాటిన లోహం ఆ వేడిలో ఎక్కువకాలం ఉంటే మెగ్నీషియం లోహపు స్ఫటికాల హద్దుల వెంట పేరుకుని, తుప్పుతో పగుళ్లకు దారి తీస్తుంది. 5083 ప్లేటుకూ ఇదే నియమం. అమెరికా నౌకాదళం టికండరోగా తరగతి యుద్ధనౌకల పై కట్టడాలు 5456తో చేసింది. వాటిలో వచ్చిన పగుళ్లకు మూలం ఇదే.

5083కి 5183 గానీ 5356 గానీ వాడండి. 4043 ఎన్నడూ వాడకండి, వెల్డు పెళుసవుతుంది. 6061 ముక్కలను ఫిల్లర్ లేకుండా ఒకదానికొకటి కరిగించి అతికిస్తే మధ్యన పగులు దాదాపు ఖాయం. అనోడైజింగ్ (పైన రక్షణకు ఆక్సైడు పొర పెంచడం) చేయించే పనికి 4043 వాడితే వెల్డు నల్లటి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ సంగతి ఖాతాదారుకు ముందే చెప్పండి.

5. శుభ్రం చేయడం, వరస తప్పకుండా

అల్యూమినియం మీద ఎప్పుడూ ఒక ఆక్సైడు పొర ఉంటుంది. అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. కింది లోహమేమో 660కే కరుగుతుంది. పొర తీయకపోతే కరిగిన లోహం సంచిలో నీళ్లలా లోపలే ఉండి, రెండు ముక్కలు కలిసినట్టే కనిపించి కలవవు. ఇక చెమ్మ, నూనె, గ్రీజు. వీటిలోని హైడ్రోజన్ కరిగిన అల్యూమినియంలో బాగా కలుస్తుంది. గట్టిపడ్డ లోహంలో దానికి సుమారు ఇరవయ్యో వంతు చోటే ఉంటుంది. బయటికి పోలేక బుడగలై చిక్కుకుంటుంది. కోసి చూస్తే వెల్డు స్పాంజిలా ఉంటుంది.

ముందు ఎసిటోన్‌తో, శుభ్రమైన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మురికి అంటనంత వరకు తుడవాలి. ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్. బ్రష్ ముందు పెడితే నూనెను లోహంలోకి రుద్దినట్టవుతుంది. ఆ బ్రష్ అల్యూమినియానికే ప్రత్యేకం. ఇనుము ముట్టుకున్న బ్రష్ పనికిరాదు. ఇనుముకు వాడే బూడిద రంగు గ్రైండింగ్ చక్రం కూడా వద్దు, దాని జిగురు, రాతిపొడి మెత్తటి లోహంలో దిగబడతాయి.

బ్రేక్ క్లీనర్ లాంటి క్లోరిన్ ద్రావకాలతో తుడవడం ప్రాణాంతకం. ఆర్క్ వెలుగులో ఆ ఆవిరి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది. డబ్బా మీద ఏముందో చదవకుండా ఏదీ వాడకండి.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఇంకో జాగ్రత్త. ఏసీ గదిలోంచి తెచ్చిన ప్లేటు మీద కంటికి కనిపించని చెమ్మ చేరుతుంది. బయటి వేడికి అలవాటు పడేదాకా ఆగి, తుడిచి, అదే రోజు వెల్డు పూర్తి చేయండి. రాడ్లు మూసిన గొట్టంలోనే ఉండాలి.

6. వేడిని అదుపులో పెట్టడం

అల్యూమినియం ఇనుము కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేసుకుంటుంది. అందుకని కరెంటు తగ్గించి మెల్లగా వెళ్లడం కాదు, కరెంటు పెంచి వేగంగా వెళ్లాలి. టిగ్‌లో ఏసీ కరెంటు, మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. 3 మి.మీ. పైపుకు 120 దగ్గర మొదలుపెట్టండి. టార్చ్‌ను వెళ్లే దిశకు తోస్తూ, 10 నుంచి 15 డిగ్రీలు వంచి పట్టుకోండి.

ఒక పాత అలవాటు గురించి తప్పకుండా చెప్పాలి. కాచే ముందు ఎసిటిలీన్ మంటతో ప్లేటు మీద మసి పట్టించి, ఆ మసి కాలిపోయేదాకా వేడి చేస్తారు. మసి మాయమయ్యే వేడి 350 డిగ్రీలు దాటే ఉంటుంది. అది లోహాన్ని వంచడానికి మెత్తబరిచే పద్ధతి. టీ6 మీద చేశారంటే వెల్డు వేయకముందే బలం పోగొట్టుకున్నట్టే. మందం 6 మి.మీ. దాటినప్పుడు మాత్రమే ముందస్తు వేడి ఆలోచించండి, అదీ 120 డిగ్రీలు దాటకుండా, పావుగంటకు మించకుండా. 5083కైతే చెమ్మ పోయేంత గోరువెచ్చన చాలు.

రెండు వరసల మధ్య టెంపరేచర్ క్రేయాన్‌తో గీత గీసి చూడండి. 60 డిగ్రీల లోపు ఉంటే యూరప్ కోడ్ చెప్పిన 20, 30 మి.మీ. అంకెలు వర్తిస్తాయి. 120 దాకా వదిలేస్తే వేడి పట్టీ ఒకటిన్నర రెట్లు వెడల్పవుతుంది. తొందరపడి ఒకే మూలలో నాలుగు వెల్డులు వరసగా వేయడం కన్నా, ఫ్రేము ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి వేస్తూ తిరగండి. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా రెట్టింపు సాగుతుంది కాబట్టి, ఇలా తిరగడం వల్ల ఫ్రేము మెలి తిరగడమూ తగ్గుతుంది.

చివరికి వచ్చాక చటుక్కున టార్చ్ లేపకండి. అక్కడ గుంట పడి, గుంటలో నక్షత్రంలాంటి పగులు వస్తుంది. కరెంటు తగ్గిస్తూ రాడ్డు పోసి గుంట నింపండి, లేదా ఒక సెంటీమీటరు వెనక్కి నడిచి ఆపండి. అంచుకు అంచు ఆనించి వేసే బట్ వెల్డుకైతే చివర ఒక తోక ముక్క అతికించి, వెల్డు దాని మీదకు పోనిచ్చి, తర్వాత కోసేయడం మేలు.

తర్వాత ఆగండి. 6 వరస మిశ్రమాలకు మూడు రోజులు, 7 వరసకు 30 రోజులు, 10 డిగ్రీలకు తగ్గని వేడిలో ఉంచితేనే యూరప్ కోడ్ చెప్పిన వెల్డు బలం వర్తిస్తుంది. సాయంత్రం వెల్డు వేసి రాత్రికే స్టేజీ ఎక్కించడం వద్దని అందుకే మొత్తుకుంటాను.

7. పరీక్ష

"బరువు పెట్టి చూశాం సార్, వంగనేలేదు." ప్లాట్‌ఫారం విరిగినప్పుడు నాకు చెప్పిన మాట ఇది. చెప్పినవాళ్లు అబద్ధమాడలేదు. వెల్డింగ్ వల్ల బలం తగ్గుతుంది గానీ బిగుతు, అంటే బరువు కింద ఎంత తక్కువ వంగుతుందో ఆ గుణం, తగ్గదు. అల్యూమినియం బిగుతు 70 గిగాపాస్కల్, టీ6 అయినా మెత్తబడ్డదైనా అంతే. పైన చెప్పిన దూలం మీద 100 కిలోలు పెడితే 11 మి.మీ. వంగుతుంది, వెల్డు ఉన్నా లేకపోయినా. తేడా ఈల్డ్ చేరిన క్షణాన గానీ కనిపించదు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

చిన్న షాపులో చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. అదే పైపు, అదే రాడ్డు, అదే కరెంటుతో ఒక నమూనా అతుకు వేయండి. మూడు రోజులు ఆగండి. గోడను కోసి, చదునుగా చేసి, దాగలి మీద ఆనించి, స్ప్రింగ్ ఉన్న ఆటోమేటిక్ సెంటర్ పంచ్‌తో వెల్డు అంచు నుంచి 5 మి.మీ. కొకటి చొప్పున 50 మి.మీ. దాకా వరసగా చుక్కలు కొట్టండి. పంచ్ ప్రతిసారీ ఒకే దెబ్బ కొడుతుంది. ఇప్పుడు కొలత గీతలున్న భూతద్దంతో గుంటల వెడల్పు చూడండి. వెల్డుకు సెంటీమీటరు అటూ ఇటుగా గుంటలు పెద్దవిగా ఉంటాయి. దూరం పోయేకొద్దీ చిన్నవై, ఒకచోట నుంచి అన్నీ ఒకే కొలతకు వస్తాయి. ఆ చోటే మీ వేడి పట్టీ సరిహద్దు. అది 30 మి.మీ. దాటి పోయిందంటే మీ వెల్డింగ్ బాగా వేడిగా సాగుతోంది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్లందరి చేతా ఈ చుక్కలు కొట్టిస్తాను. ఎంత ఉపన్యాసం చెప్పినా ఎక్కనిది ఆ పది గుంటలు చూడగానే ఎక్కుతుంది.

పెద్ద పనులకు ప్లయరులా నొక్కే వెబ్‌స్టర్ హార్డ్‌నెస్ టెస్టర్ కొనుక్కోండి. పగుళ్లకు డై పెనెట్రంట్, అంటే పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం. మనుషుల ప్రాణాలు ఆధారపడే కట్టడానికి నమూనా ముక్కలు ల్యాబ్‌కు పంపి లాగించి చూడటం తప్పనిసరి.

8. ఊగే, అదిరే కట్టడాలు

లారీ బాడీ, ట్రైలరు, పడవ, గాలికి ఊగే స్తంభం. వీటికి ఒక్కసారి పడే బరువు కన్నా లక్షలసార్లు పడే చిన్న కుదుపు ప్రమాదం. ఇక్కడ పగులు వెల్డు అంచు మడతలో పుడుతుంది. అక్కడి ఆకారమే ఆయుష్షును తేలుస్తుంది. ఖరీదైన బలమైన మిశ్రమం కొన్నా లాభం లేదు, వెల్డ్ చేసిన అతుక్కి కుదుపు ఓర్పు దాదాపు అన్ని మిశ్రమాల్లోనూ ఒకటే. అలాంటిదే ఇనుప అతుకుతో పోలిస్తే అది సుమారు మూడో వంతు.

కాబట్టి అంచు నునుపుగా దిగేలా చూడండి. ఉబ్బిన వెల్డు అందంగా ఉన్నా కీడే. ఎక్కువ ఒత్తిడి పడే అంచు మీద దీపం హుక్కో, వైరు క్లిప్పో అతికించడానికి చిన్న ట్యాక్ పెట్టినా అక్కడే పగులు మొదలవుతుంది. అలాంటివి బోల్టుతోనో జిగురుతోనో పెట్టండి.

9. పోయిన బలాన్ని తిరిగి తేవచ్చా

తేవచ్చు, కొన్ని షరతులతో. టీ6 బదులు టీ4 స్థితిలో, అంటే చల్లార్చి కొలిమిలో పెట్టని స్థితిలో కొని, వెల్డు వేసి, ఆ తర్వాత మొత్తం ఫ్రేమును 175 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటలు ఉంచితే వేడి పట్టీతో సహా చాలా బలం వస్తుంది. వస్తువు పట్టే పొయ్యి, అంతటా సమానమైన వేడి ఉండాలి. 6061తో చేసిన సైకిల్ ఫ్రేములకైతే ఇంకో అడుగు ముందుకేసి, మొత్తం ఫ్రేమును మళ్లీ 530 డిగ్రీలకు కాచి, చల్లార్చి, కొలిమిలో పెట్టి టీ6కు తెస్తారు. చల్లార్చేటప్పుడు వంకరపోయినదాన్ని సరిచేసే జిగ్గులు వాళ్ల దగ్గర ఉంటాయి. గేటంత ఫ్రేముకు మనం ఆ పని చేయలేం. టీ6ను వెల్డ్ చేసి ఉత్తినే పొయ్యిలో పెడితే మెత్తబడ్డ పట్టీకి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, అక్కడ రేణువులు అప్పటికే లావైపోయాయి.

కరిగించకుండానే అతికించే దారి ఒకటుంది. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ దగ్గర టీడబ్ల్యూఐ సంస్థలో పుట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్. తిరిగే గట్టి పనిముట్టు లోహాన్ని ముద్దలా మెత్తబరిచి కలిపేస్తుంది. హిటాచీ రైలు పెట్టెలు, రాకెట్ ట్యాంకులు ఇలా చేస్తారు. వేడి తక్కువ కాబట్టి బలం నష్టమూ తక్కువే.

మరి మనలాంటి షాపులకు? చాలా చోట్ల జవాబు వెల్డింగ్ మానేయడమే. 2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో మన రైల్వే మొదటి అల్యూమినియం గూడ్స్ వ్యాగన్ల రైలును ప్రారంభించింది. దాని పై కట్టడంలో వెల్డింగే లేదు, అంతా లాక్‌బోల్టులతో బిగించారు. లారీ బాడీల్లో అడ్డ దూలాలను పొడుగు దూలాలకు బోల్టుతో గానీ రివెట్టుతో గానీ బిగించడం ఇలాంటి ఆలోచనే. రంధ్రం వల్ల కొంత లోహం పోతుంది, కానీ మిగిలిన లోహం టీ6గానే ఉంటుంది. ఇనుప బోల్టు వాడితే మధ్యన ప్లాస్టిక్ బుష్, నియోప్రీన్ వాషరు పెట్టండి, లేకపోతే చెమ్మలో అల్యూమినియం తినుకుపోతుంది.

10. విరిగినదాన్ని బాగుచేయడం

ఎవరైనా పగిలిన ఫ్రేము తెచ్చి "పైన ఒక వెల్డు కొట్టేయండి" అంటే నేను చేసేది ఇది. పగులు ఎక్కడ ఉందో చూస్తాను. వెల్డుకు సెంటీమీటరు అవతల ఉంటే అది పని తప్పు కాదు, చోటు తప్పు. అదే చోట మళ్లీ వెల్డు వేస్తే మెత్తటి పట్టీ ఇంకొంచెం జరిగి, పక్కన మళ్లీ తెగుతుంది.

పగులు రెండు కొసలనూ పెనెట్రంట్‌తో కనుక్కుని, ఆ కొసల్లో 6 మి.మీ. రంధ్రాలు వేసి పగులు పాకకుండా ఆపుతాను. లోపల సరిగ్గా పట్టే టీ6 పైపును స్లీవుగా దూరుస్తాను. పగులుకు రెండు వైపులా వేడి పట్టీ దాటి, కనీసం 75 మి.మీ. దాకా స్లీవు పోవాలి. బోల్టులు ఆ మంచి లోహంలోనే పడాలి, మెత్తటి చోట కాదు. పైపులో స్లీవు పట్టకపోతే బయట రెండు పక్కలా చానల్ ముక్కలు బిగిస్తాను. క్లీటును అక్కడి నుంచి తీసి పావు వంతు దగ్గరికి జరిపి, వెల్డు కాకుండా బోల్టుతో పెడతాను. ఆ గోదాము ప్లాట్‌ఫారం రెండోసారి అలాగే కట్టాం. మొదటిసారి వెల్డ్ చేసిన ఆ వెల్డరే వచ్చి బోల్టులు బిగించాడు.